వేన్నీళ్ళు పోసిన గొంగడి

ఆ వానలో పోయినవాటి లెక్క ముందే చెప్పేస్తాను. గోడకు వేలాడదీసే గుడ్డ చిత్రాలు తొమ్మిది, ఒక్కొక్కటి ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. తెల్ల పురికొస ఉండలు నలభై రెండు. రంగు డబ్బాలు ముప్పై ఒకటి, అందులో మూత తీయనివి పంతొమ్మిది. కుట్టుమిషన్లు రెండు. వాటిలో ఒకదాన్ని తర్వాత బాగు చేయించుకున్నాం కనుక ఒకటిన్నర అనుకోవచ్చు. నలుగురు ఆడవాళ్ళ రెండున్నర నెలల చేతిపని. చివరగా ఒక గొంగడి.

మిగతావన్నీ మావి. గొంగడి మాది కాదు.

గుడ్డ, దారం, రంగు కలిపి బొమ్మలు చేయడం నేర్చుకుంటున్న పిల్లలు ఈమధ్య కొందరు నన్ను వెతుక్కుంటూ వస్తున్నారు. పురికొస ఎంత పడుతుంది, బరువుకు ఎన్ని కొక్కేలు కావాలి అని అడుగుతారు. అవి చెప్పడం సులువే. ఈ గొంగడి సంగతి మాత్రం నిలబడి చెప్పేది కాదు, అందుకే రాస్తున్నాను.

మా కార్ఖానా నాచారం పారిశ్రామికవాడలో ఒక సందు చివర, పాత గోదాము కింది సెల్లార్‌లో ఉండేది. నడిపేది ఒక మేడమ్. రామంతాపూర్‌లో పెరిగారు. వాళ్ళ నాన్నగారు సర్కారు ప్రయోగశాలలో పనిచేసి రిటైరయ్యారు. ఆవిడ బొమ్మలు వేయడం చదువుకుని, కాగితం మీద తృప్తి లేక గుడ్డ మీదికి వచ్చారు. పాత గుడ్డలు పొరలు పొరలుగా పరిచి కుట్టించడం, వాటి మీద పురికొసను గీతలుగా తిప్పి టాకాలు వేయించడం, ఆ గీతల మధ్య రంగు పోయించడం మా పని. హోటళ్ళవాళ్ళు, ఆఫీసులవాళ్ళు గోడలకు కొనుక్కునేవాళ్ళు.

కుట్టేవాళ్ళు నలుగురు. అందరిలో పెద్దామెను అందరం అక్క అనేవాళ్ళం. జనగామ వైపు నుంచి వచ్చి ఉప్పల్‌లో ఉండేది. అంతకుముందు చొక్కాల ఫ్యాక్టరీలో పద్నాలుగేళ్ళు కాలర్లు కుట్టింది. రంగులు వేసే అతను సైన్‌బోర్డులు రాసే మనిషి. ఫ్లెక్సీలు వచ్చి అతని కుంచె ఎండిపోయాక మా దగ్గరికి చేరాడు. ఇక నేను. పదో తరగతి తప్పి, అదే చొక్కాల ఫ్యాక్టరీలో కటింగ్ టేబుల్ దగ్గరికి థాన్లు మోస్తూ, ఒక థానుకు ఎన్ని చొక్కాలు వస్తాయో చూసి చూసి లెక్క పట్టుకున్నవాణ్ణి. మేడమ్ దగ్గర నా పని అంచనాలు. సూటి గీతకు పురికొస ఎంత, మెలిక తిరిగితే ఎంత ఎక్కువ, నూలుగుడ్డ మొదటి తడికి ఎంత ముడుచుకుంటుంది, ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. ఉన్ని లెక్క మాత్రం రాదు. మా దగ్గరికి ఉన్ని ఎప్పుడూ వచ్చింది లేదు.

గొంగడి మా దగ్గరికి చిత్రంగా వచ్చింది. ఆ ఏడు అక్కకు నడుం నొప్పి పట్టుకుంది. కింద కూర్చుని కుట్టేటప్పుడు వేసుకుందామని ఇంట్లోంచి నల్ల గొంగడి తెచ్చుకుంది. వాళ్ళ నాయిన గొర్లు కాసేవాడు. ఆయన వానకు తలమీంచి కొప్పెరగా మడిచి వేసుకున్నదీ, రాత్రి మంద దగ్గర కప్పుకున్నదీ అదే. ఒక మధ్యాహ్నం ఆమె అన్నానికి లేచినప్పుడు తెల్ల పురికొస ఉండ ఒకటి జారి దాని మీద విప్పుకుంటూ దొర్లింది. మేడమ్ అటు పోతూ ఆగిపోయారు.

"ఎవరూ కదపకండి" అన్నారు. "కీసర గుట్ట మీద నుంచి పొద్దుగూకేటప్పుడు చూస్తే దారులు ఇలాగే కనబడతాయి."

అప్పుడే ఒక ఆఫీసు హాలుకు తొమ్మిది చిత్రాలు కావాలని ఒక ఆర్కిటెక్ట్ అడ్వాన్సు ఇచ్చి ఉన్నాడు. పల్లెల నుంచి నగరంలో ఈ తూర్పు దిక్కుకు బతకొచ్చినవాళ్ళ దారులు ఉండాలన్నాడు. మేడమ్ ముందు ఒక నమూనా ఈ గొంగడి మీద వేసి, దాన్ని చూస్తూ నల్లరంగు వేసిన నూలుగుడ్డల మీద తొమ్మిదీ చేద్దామన్నారు. అక్కను అడిగారు.

అక్క వెంటనే ఒప్పుకోలేదు. "గది ఉత్త దుప్పటి కాదు మేడమ్. మా ఇంట్ల శుభకార్యమైతె పీటల మీద పరిసేది గదే. ఇద్దరు పెద్ద పిల్లల పెండ్లిళ్ళు దాని మీదనే అయినయ్. చిన్నబిడ్డది కావాలె ఇంకా."

"పని అవగానే కుట్లు విప్పేసి ఎలా ఉన్నది అలా ఇచ్చేస్తాం" అన్నారు మేడమ్.

"కత్తెర పెట్టొద్దు. మొల కొట్టొద్దు. రంగు దారం మీదనే ఎయ్యాలె, ఉన్ని మీద సుక్క వడొద్దు." అక్క రంగులతనివైపు తిరిగింది. "నీకే చెప్తున్న. నీ చెయ్యి వణుకుతది."

"నా చెయ్యి వణికితె ఉప్పల్ రోడ్డు మీద బోర్డులన్ని వంకరుండాలె గదక్కా" అన్నాడతను.

"వంకరగనే ఉన్నయ్, అందుకే తీసేసిన్రు" అంది అక్క.

అలా నమూనా తయారైంది. ఉన్ని మీద గుడ్డ పొరలు, పురికొస, వాటికి సన్నగా టాకాలు, దూరందూరంగా, విప్పడానికి వీలుగా. అక్కే కుట్టింది, ఇంకెవర్నీ సూది పెట్టనివ్వలేదు. నేను గోడ కొక్కేలకోసమని ముందే గొంగడిని తూకం వేశాను. నాలుగు కిలోలకు పావు తక్కువ. తర్వాత తొమ్మిది చిత్రాలూ మొదలయ్యాయి. బోనాల ఆదివారం నాటికి కుట్టు ముగిసింది, ఆఖరి పూత రంగు ఆరాల్సి ఉంది.

రంగు తడిగా ఉన్నప్పుడు నిలువుగా వేలాడదీస్తే పురికొస బరువుకు కిందికి సాగుతుంది. అందుకని మేం ఎప్పుడూ నేలమీద పరిచి ఆరబెట్టేవాళ్ళం. శనివారం సాయంత్రం తొమ్మిదింటినీ, పక్కనే నమూనానూ నేలంతా పరిచి తాళం వేశాం. మిగతావాళ్ళు బోనాలకు వెళ్ళారు. అక్క ఊళ్ళో చుట్టాల ఫంక్షన్ ఉందని జనగామ బస్సెక్కింది.

ఆదివారం మధ్యాహ్నం పడిన వాన గురించి నాచారంలో ఎవర్నడిగినా చెబుతారు. నాలా పొంగింది. సోమవారం పొద్దున షట్టర్ ఎత్తితే నీళ్ళు మోకాళ్ళదాకా ఉన్నాయి. నూలుగుడ్డల మీది రంగు ఇంకా గట్టిపడలేదు కదా, మొత్తం కరిగి నీళ్ళలో కలిసింది. గుడ్డలు ఏ రంగూ కాని రంగుకు తిరిగాయి. పురికొస ఉబ్బి టాకాలు తెంపుకుంది. మేడమ్ మెట్ల మీద కూర్చుండిపోయారు. ఏడవలేదు. "ఎన్ని మిగిలాయి?" అని నన్నడిగారు. నేను అంతా తిరిగి చూసి, "నమూనా ఒక్కటి పనికొచ్చేట్టుంది" అన్నాను.

గొంగడి బురదలో మునిగి ఉంది గానీ చిరగలేదు, చివకలేదు. దాని మీది రంగు నెలల కిందటే ఆరింది. ఎత్తబోతే నలుగురు పట్టాల్సి వచ్చింది.

"అక్క బుధవారం వస్తది" అన్నాడు రంగులతను. "గీ బురదతోని సూస్తె మనల్ని బతకనియ్యది. కడిగి పెడ్దాం."

రంగులతను తప్ప మేమంతా చొక్కాల ఫ్యాక్టరీల మనుషులం. కుట్టేవాళ్ళలో మిగతా ముగ్గురూ అక్కడివాళ్ళే. బురద మరక అనగానే మా అందరికీ తోచేది ఒక్కటే: కాగే నీళ్ళు, సోడా, బండమీద బాదుడు. నూలు అలాగే శుభ్రమవుతుంది. వేడినీళ్ళయితే తొందరగా ఆరుతుందని కూడా ఎవరో అన్నారు, నేనేనేమో. గోదాము డాబా మీద డ్రమ్ము పెట్టి నీళ్ళు కాచాం. గొంగడిని ముంచాం, తీశాం, బాదాం, మళ్ళీ ముంచాం. మరక పోయింది. మేం చాలా సంతోషపడ్డాం. ఆ సంతోషం నాకు బాగా గుర్తుంది, ఎందుకంటే ఆ వారంలో మాకు కలిగిన సంతోషం అదొక్కటే.

మంగళవారం సాయంత్రానికి అది ఆరింది. ఆరుతున్న కొద్దీ చిన్నదవుతూ పోయింది. నేను టేపు పెట్టి కొలిచాను. పొడవులో మూర పైగా తగ్గింది, వెడల్పులో జానెడు. ఉన్ని ఒత్తుగా, మందంగా, అట్టలా అయింది. ఉన్ని ముడుచుకుంది గానీ దాని మీది నూలుగుడ్డలూ పురికొసా ముడుచుకోలేదు. పట్టే చోటు లేక అవి పైకి లేచాయి. దారులన్నీ గట్లలాగా ఉబ్బాయి. గుడ్డ పొరలు గుట్టలయ్యాయి. గట్ల మీది రంగు పగిలి ఎండాకాలం చెరువు అడుగులా నెర్రెలిచ్చింది.

"టేపు దప్పువోయిందేమో, మల్ల కొలువన్నా" అన్నాడు రంగులతను. మళ్ళీ కొలిచాను.

బుధవారం పొద్దున్నే అక్క వచ్చింది. వాన సంగతి ఫోనులో విన్నది, గొంగడి సంగతి మేం చెప్పలేదు. డాబా మీదికి వచ్చి చూసింది. దగ్గరికి వెళ్ళి ఒక అంచు వేళ్ళ మధ్య నలిపింది.

"ఉడుకునీళ్ళు వోసిన్రా?"

రంగులతను డ్రమ్ము వైపు చూశాడు.

"గొంగడికి ఉడుకునీళ్ళు వోస్తరా ఎవలన్న? వాగుల జాడిస్తె సాలు. లేకుంటె ఎండకేసి దులిపితె సాలు. బురద ఎండినంక దానంతటదే రాలుతది." గొంతు పెంచలేదు. "గొర్లు వానకు తడుస్తయ్, ఉడుకునీళ్ళ స్నానాలు జేస్తయా తమ్మీ?"

"తెల్వదక్కా" అన్నాను.

"తెల్వకుంటె అడగాలె. ఫోను ఉన్నది గద."

అదీ నిజమే. ఆమెకు తెలియకుండా ఉండాలని కడిగాం కనుక ఆమెను అడగలేదు.

అక్క తన డబ్బాలోంచి సూది, చిన్న కత్తెర తీసి కూర్చుంది. "కుట్లు ఇప్పుతా. ఎట్లున్నా మంచిదే, నాది నాకు కావాలె." ఒక మూల టాకా పట్టుకుని లాగింది. రాలేదు. ఉన్ని పేరుకుపోయి దారాన్ని లోపలికి తీసుకుంది. టాకా ఎక్కడ మొదలైందో, ఎక్కడ పోయిందో కనబడదు. తెంపితే ఉన్ని కూడా ఊడి వస్తోంది. తను వేసిన కుట్టు తనకే దొరక్క అక్క చాలాసేపు అలా వేళ్ళతో తడుముతూ ఉండిపోయింది. మేడమ్ వచ్చి పక్కన కూర్చున్నారు.

అప్పుడు అక్క లేచి ఆ గొంగడిని, గుట్టలతో దారులతో సహా, భుజాల మీదినుంచి కప్పుకుంది. ఆమె పొట్టి మనిషి. అయినా అది మోకాళ్ళ దగ్గరే ఆగిపోయింది.

"మా నాయిన పొట్టోడయ్యిండు" అంది. నవ్వబోయింది, నవ్వు సగంలోనే ఆగింది.

అదే సమయానికి ఆర్కిటెక్ట్ మెట్లెక్కి వచ్చాడు. అడ్వాన్సు వాపసు అడగడానికి వచ్చాడని మాకు తెలుసు. ఆ డబ్బు అప్పటికే గుడ్డలుగా, జీతాలుగా అయిపోయింది. వాపసు ఇవ్వాల్సి వస్తే షట్టర్ దించాల్సిందే, ఆరుగురి పని పోతుంది. ఆ సంగతి అక్కకూ తెలుసు. అతను మేడమ్‌తో మాట మొదలుపెట్టబోయి, అక్క భుజాల మీదున్నదాన్ని చూసి ఆగాడు. ఆమె చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఇదెవరు చేశారు? ఈ గట్లు ఎట్ల లేపిన్రు?"

"కడిగినం సార్" అన్నాడు రంగులతను.

"నాకు ఇదొక్కటి చాలు మేడమ్. హాల్లో ఎదురుగోడకు పెడతా. తొమ్మిది అక్కర్లేదు. అడ్వాన్సు గురించి ఇంక మాట్లాడుకోవద్దు."

మేం అందరం మేడమ్ మొహం చూశాం. ఆవిడ సోమవారం నుంచీ నిద్రపోలేదు. అవునంటే కార్ఖానా నిలుస్తుంది. ఆవిడ మాత్రం, "అది నాది కాదండీ. అమ్మే హక్కు నాకు లేదు" అన్నారు.

ఆర్కిటెక్ట్ అక్కవైపు తిరిగాడు. "అమ్మా, మీదా?"

"మా నాయినది."

"మంచి రేటు ఇప్పిస్తా."

అక్క గొంగడి తీసి మడతపెట్టబోయింది. అది మడత పడలేదు. చేతుల్లో బల్లలా నిలబడింది. దాన్ని అట్లాగే పట్టుకుని కొంచెంసేపు మేడమ్‌ను, తనతో కుట్టే ఆ ముగ్గురినీ చూసింది. ఆ ముగ్గురూ తలలు వంచుకున్నారు. అడగకూడదని వాళ్ళకు తెలుసు. అందులో చిన్నామెకు ఇంటద్దె రెండు నెలలది ఆగి ఉంది.

"వానల దిరిగిన గొంగడి. ఏసీల వెడ్తరా సార్?" అని అడిగింది చివరికి.

"జాగ్రత్తగా చూసుకుంటరమ్మా."

"జాగ్రత్త వేరు. గాలాడకుంటె పురుగు వడ్తది. ఎండాకాలం ఒక్కనాడన్న దించి ఎండకెయ్యాలె. గట్లయితెనే ఇస్త."

అతను సరేనన్నాడు. ఆ సరే ఎంతవరకు నిలిచిందో చూద్దామని రెండేళ్ళ తర్వాత ఒక మే నెలలో నేను ఆ ఆఫీసుకు వెళ్ళాను. గేటు దగ్గర పాసు అడిగారు. గొంగడి ఎండేశారా అని కనుక్కోవడానికి వచ్చానంటే పాసు ఎవరిస్తారు. తిరిగొచ్చేశాను.

అతను వెళ్ళాక మేడమ్ అక్క చేతులు పట్టుకున్నారు. "నీకు ఎంత ఇవ్వాలో నువ్వే చెప్పు. కొత్త గొంగడి కొనిస్తాను. రెండు కొనిస్తాను."

"కొన్నది వద్దు. దుకాణంల దొరికేటియి ఏడి ఉన్నితోని నేస్తున్నరో ఎవలకెరుక. నాకు ఉన్ని తెచ్చియ్యిండ్రి. మన దిక్కు నల్ల గొర్లది. మా వాళ్ళల్ల నేసే ముసలాయన ఉన్నడు, ఆయనతోని నేపిచ్చుకుంట." నావైపు చూసింది. "తూకం నీకు తెల్సు గద తమ్మీ. పొడుగు పాయె, తూకం పోలే గద?"

పోలేదు. వేడినీళ్ళు పొడవును తింటాయిగానీ బరువును తినవు. నేతాయనను ఫోనులో అడిగాను. ఏరి, ఏకి, వడికేటప్పటికి పోయేదంతా పోగా అంత గొంగడికి పచ్చి ఉన్ని ఆరు కిలోలు కావాలన్నాడు. ఆరు కిలోలు ఎంతసేపు అనుకున్నాను. అప్పటికి నాకు గొర్రెల లెక్క తెలియదు.

మొదట ఘట్‌కేసర్ దాటి వెళ్ళాను. మందలు కనబడ్డాయి, అన్నీ ఎర్రవి, బొచ్చు లేనివి. ఒక కాపరి నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు.

"ఉన్ని గొర్లా? ఇంకేడియి సార్? మాంసానికి ఇవే నయమని అందరు మార్సుకున్నరు. ఉన్ని ఎవలకు గావాలె, కత్తిరిచ్చే కూలి గూడ రాదు."

కీసర అవతల ఒకాయన దొరికాడు. అరవై గొర్రెల మందలో నల్ల ఉన్నివి పదకొండు ఉన్నాయి. వాళ్ళ నాయిన ఉంచమన్నాడని ఉంచానన్నాడు. ఏడాదికి రెండు కోతలు, ఒక గొర్రెకు ఒక కోతకు రెండు వందల గ్రాములు తేలడం కష్టం. నల్లగా కనబడే గొర్రె కూడా పొట్ట దగ్గర గోధుమరంగుకు తిరుగుతుంది, అది అక్కకు పనికిరాదు. సంచిలో తెచ్చింది ఆమె పరిచి ఏరి, సగం నాకే తిరిగి ఇచ్చేది. "ఇది నల్లనా? నీ కండ్లు మంచిగలేవు తమ్మీ" అనేది. ఉంచుకున్నదాన్ని వేపాకు వేసి బియ్యం డ్రమ్ములో పెట్టేది.

తొమ్మిది చిత్రాలు పోగా మిగిలిన ఆ ఒక్కదానితో కార్ఖానా ఇంకో మూడేళ్ళు నడిచింది. ఆర్కిటెక్ట్ స్నేహితులు అలాంటివే కావాలని వచ్చారు. మేం కొత్త ఉన్ని దుప్పట్లు కొని వేడినీళ్ళు పోశాం. దుకాణంలో కొన్నవి నైలాను కలిపినవి, ముడుచుకోలేదు, మెత్తగా నవ్వినట్టు నీళ్ళలో తేలాయి. పడవల్లా ఉన్నాయని రంగులతను అన్నాడు. చివరికి పాత పద్ధతిలో గుడ్డ మీదే చేసిచ్చాం. తర్వాత మేడమ్ కళ్ళు దెబ్బతిని పని ఆపేశారు. నేనూ మానుకున్నాను. ఉన్నికోసం మాత్రం ఏడాదికి రెండుసార్లు కీసర వైపు వెళ్తూనే ఉన్నాను. ఆవిడ ఆటో ఖర్చు ఇస్తానంటారు, బస్సులోనే వెళ్తాను.

రెండో ఏడు అక్క చిన్నబిడ్డ పెళ్ళి జరిగింది. అప్పటికి సగం ఉన్నే చేరింది. పీటల మీద పరచడానికి పక్కింటివాళ్ళ గొంగడి అడిగి తెచ్చుకున్నారు. మేడమ్, రంగులతను, నేను వెళ్ళాం. మేడమ్ పీటలవైపు చూడకుండా కూర్చున్నారు. అక్క మాకు వడ్డిస్తూ, "తినుండ్రి, గొంగడి ఎవలదైతేంది, పెండ్లి మాదే గద" అంది. ఆ మాట మా మనసు తేలిక చేయడానికే అన్నది.

మొదటేడు రెండు కిలోలు వచ్చింది. రెండో ఏడు కిలోంబావు. మూడో ఏడు ముప్పావు. కాపరి కొడుకుకు ఉన్ని గొర్రెల మీద మనసు లేదు, ఒక్కొక్కటే అమ్మేస్తున్నాడు. మొన్న వెళ్ళినప్పుడు నల్లవి నాలుగే మిగిలాయి. పావుకిలో తెచ్చాను. ఏటేటా తగ్గే లెక్క ఎక్కడికి చేరుతుందో నాకు కనబడుతూనే ఉంది, ఇంకో మంద దొరక్కపోతే అది ఆరుకు చేరదు. అందుకని వచ్చే నెల జనగామ అవతలికి, అక్క పుట్టిన ఊరి వైపు వెళ్దామనుకుంటున్నాను. అటు ఎవరి దగ్గరైనా నల్ల గొర్రెలు ఉన్నాయని మీకు తెలిస్తే నాకు కబురు చేయండి.

అక్కకు ఇచ్చింది నాలుగుంబావు. ఇంకా ఇవ్వాల్సింది కిలో ముప్పావు.